కాంటెస్సాకి ఏ ఆయిల్ పొయ్యాలి? గ్రేడు కంటే ముందు ఫాస్ఫరస్ చూడండి

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. నాన్నగారు 1994లో కొన్న కాంటెస్సా క్లాసిక్ 1.8 జీఎల్ కారు మా దగ్గరే ఉంది. కొన్నేళ్లుగా షెడ్డులో మూలపడి ఉంటే ఈ ఏడాది విజయవాడ ఆటోనగర్‌లో ఇంజిన్ మొత్తం విప్పించాం. బోరు, రింగులు, బేరింగులు అయిపోయాయి. క్యామ్ షాఫ్ట్ మీద రెండు లోబులు బాగా అరిగిపోయి ఉంటే వేరే క్యామ్ వేయిస్తున్నాం. వచ్చే వారం స్టార్ట్ చేద్దామంటున్నారు మేస్త్రిగారు. ఇప్పుడు చిక్కంతా ఆయిల్ దగ్గరే. మేస్త్రిగారేమో మామూలు 20డబ్ల్యూ-50 చాలంటారు. ఆయిల్ షాపతను ‘కొత్త ఎస్‌పీ గ్రేడు 5డబ్ల్యూ-30 ఫుల్ సింథటిక్ పొయ్యండి, దాన్ని మించింది లేదు’ అంటాడు. అమెరికాలో ఉన్న మా తమ్ముడు జింక్ సీసా కలపకపోతే క్యామ్ మళ్లీ పోతుందని భయపెడుతున్నాడు. పక్కింటి లారీ ఓనరు డీజిల్ ఆయిల్ పొయ్యమంటున్నాడు. బండి ఆదివారాలు తీస్తాం, అప్పుడప్పుడు హైవే మీద కాస్త గట్టిగా నడుపుతాను. ఎవరి మాట వినాలి? నాన్నగారి బండి కాబట్టి చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం: నలుగురిలో షాపతని మాట పక్కన పెట్టేయండి. మిగతా ముగ్గురూ చెప్పినదాంట్లో తలా కొంత నిజం ఉంది. అతను చెప్పిన 5డబ్ల్యూ-30 చెడ్డ ఆయిల్ అని కాదు. నిన్నగాక మొన్న షోరూం నుంచి దిగిన కారుకి అదే సరైనది. మీ ఇంజిన్‌కి మాత్రం పనికిరాదు. ఎందుకో తెలిస్తే ఇకమీదట ఏ డబ్బా చేతికొచ్చినా ఎవరినీ అడగకుండా మీరే తేల్చుకోగలరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ బండిలో ఉన్న ఇసుజు ఇంజిన్‌లో క్యామ్ షాఫ్ట్ పైన, హెడ్‌లోనే ఉంటుంది. లోబు, అంటే క్యామ్ మీద ఉబ్బెత్తుగా ఉండే భాగం, తిరుగుతూ రాకర్ ఆర్మ్ అనే మీట ప్యాడ్ మీద రాసుకుంటూ పోయి వాల్వుని తెరుస్తుంది. ఇప్పటి ఇంజిన్లలో చాలావాటికి ఆ చోట చిన్న రోలర్ పెడుతున్నారు. అది దొర్లుతుంది కాబట్టి రాపిడి నామమాత్రం. మీ ఇంజిన్‌లో దొర్లడం లేదు, రాసుకోవడమే. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ లాంటివాటిలో క్యామ్ కింద ఉండి పుష్‌రాడ్లతో పని చేస్తుంది. అక్కడా అంతే, చదునైన ట్యాపెట్ అడుగున లోబు రాసుకుంటూ తిరుగుతుంది.

క్రాంక్ బేరింగుల సంగతి వేరు. షాఫ్ట్ వేగంగా తిరుగుతుంటే ఆయిల్‌ని తనే కిందికి లాక్కుని దానిమీద తేలుతుంది. లోహానికి లోహం తగలదు. అక్కడ చూసుకోవాల్సింది ఆయిల్ చిక్కదనం, ప్రెషర్. క్యామ్ కొన దగ్గర అలా కుదరదు. సన్నని గీతంత చోట వాల్వు స్ప్రింగు బలమంతా పడుతుంది. ఎంత చిక్కటి ఆయిలైనా ఆ ఒత్తిడికి పక్కకి జరిగిపోతుంది. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పరిస్థితి మరీ అన్యాయం. ఆయిల్ పొరని లోపలికి లాగేది వేగమే, ఆ వేగమే అప్పుడు ఉండదు. చాలామంది హైవే మీద తొక్కితేనే క్యామ్ పోతుందనుకుంటారు. నిజానికి బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్లో ఐడ్లింగులో నిలబడ్డప్పుడే లోబు కొన మీద ఆయిల్ పొర బాగా పల్చగా ఉంటుంది.

ఆ చోట ఇనుముని కాపాడేది మీ తమ్ముడు చెప్పిన జింకే. పూర్తి పేరు జింక్ డయాల్కైల్ డైథయోఫాస్ఫేట్, పొట్టిగా జెడ్‌డీడీపీ అంటారు. 1940ల నుంచి ఇంజిన్ ఆయిల్లో వాడుతున్నారు. మొదట్లో ఆయిల్ పాడవకుండా, బేరింగులకి తుప్పు పట్టకుండా కలిపేవారు. అరుగుదలని ఆపే గుణం ఉందని తర్వాత తెలిసింది. వేడి, ఒత్తిడి, రాపిడి మూడూ కలిసిన చోట అది విడిపోయి ఇనుము మీద గాజులాంటి ఫాస్ఫేట్ పొరగా అంటుకుంటుంది. ఆ పొర మందం సుమారు మైక్రాన్‌లో పదో వంతు. లోబు తిరిగినప్పుడల్లా ఇనుముకి బదులు ఆ పొర అరుగుతుంది. ఆయిల్లో మందు ఉన్నంతకాలం మళ్లీ కట్టుకుంటూ ఉంటుంది. అందరూ జింక్ జింక్ అంటారు గానీ పొర కట్టడంలో అసలు పని ఫాస్ఫరస్‌ది. రెండూ ఒకే మందులోంచి వస్తాయి కాబట్టి ఏదో ఒక అంకె దొరికినా రెండోది దాదాపు దానికి దగ్గర్లోనే ఉంటుంది.

మరి ఇంత మంచి మందుని కొత్త ఆయిళ్లలో ఎందుకు తగ్గించారని మీకు అనుమానం రావాలి. కారణం సైలెన్సర్ లైన్లో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్. ఇంజిన్ తాగే కొద్దిపాటి ఆయిల్లోంచి ఫాస్ఫరస్ పొగతో పాటు వెళ్లి కన్వర్టర్ లోపలి పూత మీద పేరుకుని దాన్ని పని చేయకుండా చేస్తుంది. అందుకే ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) గ్రేడు మారేకొద్దీ ఫాస్ఫరస్ పరిమితి బిగిస్తూ వచ్చారు. 1990ల ఎస్‌హెచ్ నాటికి 0.12 శాతం వరకు ఉండనిచ్చేవారు. ఎస్‌జే, ఎస్‌ఎల్ వచ్చేసరికి అది 0.10 అయింది. 2004లో వచ్చిన ఎస్‌ఎంలో 0.06కి తగ్గకుండా, 0.08కి మించకుండా అన్నారు. 2010 నాటి ఎస్‌ఎన్, 2020 నాటి ఎస్‌పీ కూడా అదే దారిలో ఉన్నాయి. రోలర్లున్న ఇంజిన్‌కి ఆ 0.08 నిక్షేపంగా సరిపోతుంది. రాసుకునే క్యామ్‌కి, అందులోనూ గట్టి స్ప్రింగులు వేసి ఎక్కువ ఆర్‌పీఎంకి తిప్పే ఇంజిన్‌కి అది చాలదు.

మీ బండికి కన్వర్టర్ బెడద లేదు. మన దేశంలో కొత్త పెట్రోలు కార్లకి అది తప్పనిసరి చేసింది 1995 ఏప్రిల్ నుంచి, అదీ మొదట నాలుగు మహానగరాల్లోనే. 1994లో గుంటూరులో కొన్న కారుకి ఉండదు. ఈ సమాధానం చదివే ఇంకెవరి దగ్గరైనా 1995 తర్వాతి బండి ఉంటే ముందు కింద వంగి సైలెన్సర్ లైన్ చూసుకోండి. కన్వర్టర్ ఉంటే ఇక్కడ రాసిన ఆయిళ్లు మీకు కావు.

ఇక ఆ 0.08 శాతం పరిమితి గురించి మన షాపుల్లో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. అది అన్ని చిక్కదనాలకీ లేదు. ఇంధనం పొదుపు కోసం చేసే పల్చటి ఆయిళ్లకే, అంటే 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 లాంటివాటికే ఉంది. 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 ఆయిళ్లకి ఎస్‌ఎన్ అని రాసి ఉన్నా కంపెనీ కావాలనుకుంటే అంతకంటే ఎక్కువ ఫాస్ఫరస్ పెట్టుకోవచ్చు. కొన్ని కంపెనీలు పెడతాయి, కొన్ని పెట్టవు. కాబట్టి ‘ఎస్‌ఎన్ వస్తే చాలు పనికిరాదు’ అనే మాటా తప్పే, ‘20-50 ఏదైనా ఒకటే’ అనే మాటా తప్పే. మీ మేస్త్రిగారి సలహాలో లోటు అదొక్కటే. చిక్కదనం సరిగ్గా చెప్పారు, లోపల మందెంతో చెప్పలేదు.

ఆ అంకె డబ్బా మీద సాధారణంగా ఉండదు. కంపెనీ ఆ ఆయిల్‌కి ఇచ్చే సాంకేతిక వివరాల పత్రంలో వెతకాలి. నెట్‌లో ఆయిల్ పూర్తి పేరు కొట్టి, పక్కన టెక్నికల్ డేటా షీట్ అని కొడితే వస్తుంది. అందులో జింక్, ఫాస్ఫరస్ అని విడిగా అంకెలిచ్చిన ఆయిల్‌నే కొనండి. పీపీఎంలో, అంటే పది లక్షల్లో ఎన్నో వంతు అనే లెక్కలో ఇస్తే 1000 పీపీఎం అంటే 0.10 శాతం. మీకు కావాల్సింది ఫాస్ఫరస్ 1000 నుంచి 1300 మధ్య. క్లాసిక్ అనో రేసింగ్ అనో పేరు పెట్టి అమ్మే 20డబ్ల్యూ-50లు ఎక్కువగా ఈ మధ్యలోనే ఉంటాయి. అయినా పేరు చూసి మోసపోవద్దు, అంకె చూడండి. అంకె ఎక్కడా ఇవ్వకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టి అడగండి. జవాబు ఇవ్వని ఆయిల్ వదిలేయండి, బజార్లో ఇంకా బోలెడున్నాయి. డబ్బా వెనక ఏపీఐ గుండ్రటి ముద్ర ఉంటుంది కదా, దాని కింది అంచున రిసోర్స్ కన్జర్వింగ్ అనో ఎనర్జీ కన్జర్వింగ్ అనో ఉంటే అది పరిమితికి లోబడి చేసిన పల్చటి ఆయిల్. ఇంకేమీ చూడనక్కర్లేదు, వెనక్కి పెట్టేయండి.

లారీ ఓనరుగారి మాటకొద్దాం. ఆయన అన్నది కొట్టిపారేసేది కాదు. సీఐ-4, సీఐ-4 ప్లస్ అనే డీజిల్ గ్రేడులకి ఫాస్ఫరస్ పరిమితే లేదు. వాటిలో సాధారణంగా 1000 పైనే ఉంటుంది. తర్వాత వచ్చిన సీజే-4, సీకే-4లకి 0.12 శాతం గరిష్ఠం, అదీ మీకు పనికొచ్చే అంకే. ధర తక్కువ, ఏ పెట్రోలు బంకులోనైనా దొరుకుతుంది. దీంట్లో ఇబ్బంది ఒకటుంది. డీజిల్ మసిని కడగడానికి డిటర్జెంట్లు ఎక్కువ కలుపుతారు. అవి కూడా ఇనుము మీదే చోటు వెతుక్కుంటాయి, జింక్ పొరకి పోటీకొస్తాయి. అంటే 1200 పీపీఎం ఉన్న డీజిల్ ఆయిల్, 1200 పీపీఎం ఉన్న పెట్రోలు ఆయిల్ అంత గట్టిగా క్యామ్‌ని కాపాడకపోవచ్చు. పైగా రింగులు పోయి ఆయిల్ తాగే ఇంజినైతే ఆ డిటర్జెంట్ల బూడిద పిస్టన్ల మీద పేరుకుంటుంది. మీది కొత్త బోరు కాబట్టి ఆ రెండో భయం లేదు. నా ఉద్దేశంలో మంచి అంకె ఉన్న 20డబ్ల్యూ-50 దొరక్కపోతే సీఐ-4 ప్లస్ 15డబ్ల్యూ-40 నిశ్చింతగా పొయ్యొచ్చు. దొరికితే మాత్రం అదే ముందు.

ఇంకో దారి కూడా ఉంది, మన వైపు ఎవరికీ తట్టదు. బుల్లెట్లకి అమ్మే 20డబ్ల్యూ-50 ఫోర్ స్ట్రోక్ ఆయిల్. డబ్బా మీద జాసో (జపాన్ వాహన ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉంటే అందులో ఫాస్ఫరస్ 0.08 నుంచి 0.12 శాతం మధ్య ఉండాలని ఆ ప్రమాణమే చెబుతుంది. కింది అంచున ఉంటే మీకు కాస్త తక్కువే అయినా, డేటా షీట్ దొరకని ఊళ్లో ఇది కొంత ఆధారం. 10డబ్ల్యూ-30 బైక్ ఆయిల్ మాత్రం తీసుకోవద్దు, మీ ఇంజిన్‌కి పల్చన.

చిక్కదనం గురించి కూడా తేల్చేద్దాం. డబ్ల్యూకి ముందున్న అంకె చలికి సంబంధించింది. 20డబ్ల్యూ ఆయిల్‌ని సున్నాకి 15 డిగ్రీలు కింద కూడా ఇంజిన్ తిరిగేలా ఉందా లేదా అని పరీక్షిస్తారు. మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ధనుర్మాసం తెల్లవారుజామున కూడా ఆ మాటకి అర్థం లేదు. కాబట్టి 5డబ్ల్యూ అయితే స్టార్టింగు సులువు అని షాపతను చెప్పేది మనకి అక్కర్లేని లాభం. మనకి ముఖ్యం రెండో అంకె, వేడిలో ఆయిల్ ఎంత నిలబడుతుందో చెప్పేది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో కాజ టోల్‌గేటు దాటి మీరు గట్టిగా తొక్కితే సంప్‌లో, అంటే ఇంజిన్ అడుగు తొట్టిలో ఆయిల్ బాగా కాగుతుంది. 150 డిగ్రీల దగ్గర గట్టిగా నలిపి చూసే పరీక్షలో 30 గ్రేడుకి చిక్కదనం కనీసం 2.9 (సెంటీపాయిజ్ లెక్కలో) ఉంటే చాలు. 15డబ్ల్యూ-40కైనా, 50 గ్రేడుకైనా కనీసం 3.7 ఉండాలి. మీ ఇంజిన్ రూపకల్పన 1970ల నాటిది, బేరింగు సందులు ఇప్పటి ఇంజిన్లంత బిగువుగా ఉండవు. 50 గ్రేడే దానికి నప్పుతుంది.

సింథటిక్ వద్దా అంటే, వద్దని కాదు. 15డబ్ల్యూ-50, 10డబ్ల్యూ-50 సింథటిక్‌లో ఫాస్ఫరస్ సరిపడా ఉంటే హాయిగా వాడండి, ఎక్కువ వేడిని అదే బాగా ఓర్చుకుంటుంది. అయితే మొదటి వెయ్యి కిలోమీటర్లు వద్దు. కొత్త రింగులు బోరుతో కలిసి కూర్చోవాలి, దానికి మామూలు మినరల్ ఆయిలే నయం. పాత ఇంజిన్లో సింథటిక్ పోస్తే సీళ్లు కారతాయన్న మాట మాత్రం పట్టించుకోకండి. సీలు అప్పటికే ఎండిపోయి జిడ్డుతో మూసుకుని ఉంటే, ఆ జిడ్డు కడుక్కుపోయి కారడం బయటపడుతుంది. మీరు ఇంజిన్ మొత్తం విప్పించారు కాబట్టి సీళ్లన్నీ కొత్తవే అయి ఉండాలి.

తమ్ముడుగారి జింక్ సీసా గురించి. ఆయన భయం సరైనదే, మందు మాత్రం అది కాదు. జింక్ ఎక్కువైన కొద్దీ మంచిదనుకోవడం పొరపాటు. 0.14 శాతం దాటాక మొదట్లో అరుగుదల తగ్గినట్టు కనిపించినా దీర్ఘకాలంలో పెరుగుతుంది. 0.20 దగ్గరికి వెళితే ఆ మందే ఇనుముని తినడం మొదలుపెట్టి లోబు మీద పెచ్చులూడే ప్రమాదం ఉంది. లెక్క వేసి చూడండి. సీసా మీద నాలుగు లీటర్ల ఆయిల్‌కి 1000 పీపీఎం పెంచుతుందని ఉందనుకుందాం. మీరు పోసిన ఆయిల్లో అప్పటికే 1200 ఉంటే మొత్తం 2200. మంచి చేయబోయి క్యామ్‌ని మీ చేత్తోనే పాడు చేసినట్టవుతుంది. పైగా ఆయిల్ కంపెనీ డిటర్జెంట్లు, జింక్, మిగతా మందులు అన్నీ తూకం కుదిరేలా కలిపి పరీక్షించి అమ్ముతుంది. పైనుంచి ఒక సీసా వంపితే ఆ తూకం చెడుతుంది. కావాల్సినంత మందు ముందే ఉన్న ఆయిల్ కొనుక్కోవడం అన్నిటికంటే సురక్షితం. మొదటి స్టార్టింగు కోసం, ఆ తర్వాత పారబోసే ఆయిల్లో మాత్రం బ్రేక్-ఇన్ (కొత్త భాగాలు ఒకదానికొకటి అమరేందుకు) అని రాసి ఉన్న మందు కలిపితే తప్పులేదు. అదీ ఫాస్ఫరస్ తక్కువున్న ఆయిల్ అయితేనే. గేర్‌బాక్స్ ఆయిల్ కాస్త కలిపితే బలం అనే సలహా ఎవరైనా ఇస్తే మాత్రం దయచేసి ఒప్పుకోకండి. గేర్ ఆయిల్లో గంధకపు మందులు ఉంటాయి, ఇంజిన్‌లోని రాగి కలిసిన బేరింగులకి అవి శత్రువులు.

ఇంతవరకు ఆయిల్ గురించి. మీ ఉత్తరంలో నన్ను నిజంగా కలవరపెట్టింది వేరే మాట. రెండు లోబులు మాత్రమే అరిగాయని రాశారు. ఆయిల్లో మందు చాలకపోతే లోబులన్నీ ఎంతో కొంత అరగాలి. రెండే పోయి మిగతావి బాగున్నాయంటే ఆ రెండిటికీ ఆయిల్ సరిగ్గా అంది ఉండకపోవచ్చు, లేదా ఆ రాకర్ ప్యాడ్ల గట్టిదనమే పోయి ఉండొచ్చు. ఈ అసలు కారణం తేలకుండా కొత్త క్యామ్ వేసి ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా మళ్లీ అవే రెండు పోతాయి.

కాబట్టి స్టార్ట్ చేసే ముందే ఒకసారి ఆటోనగర్ వెళ్లి మేస్త్రిగారి పక్కన కూర్చోండి. రాకర్ షాఫ్టులు విడిగా తీయించి, వాటి మీద ఉన్న ఆయిల్ రంధ్రాలన్నిటిలో సన్నటి తీగ దూర్చి, పెట్రోలుతో కడిగి, గాలి కొట్టించండి. ఒక చివర నుంచి గాలి కొడితే ప్రతి రంధ్రం దగ్గరా వేలికి సమానంగా తగలాలి. ఒక్కచోట బలహీనంగా తగిలినా అక్కడ గట్టిపడిన జిడ్డు ఉందని అర్థం. కొన్నేళ్లు నిలబడ్డ బండిలో అది మామూలే. తర్వాత ప్యాడ్లు. అరిగిన పాత ప్యాడ్‌ని కొత్త లోబు మీద ఎప్పుడూ పెట్టకూడదు. ప్యాడ్ మీద గోరుతో అడ్డంగా గీసి చూడండి. గోరు ఎక్కడైనా చిన్న అంచుకి తట్టుకుంటే, లేదా మెరుపు మధ్యలో సూది గుచ్చినట్టు చుక్కలు కనిపిస్తే ఆ రాకర్ పక్కన పడేయండి. ఎమెరీ కాగితంతో రుద్ది సరిచేస్తామంటే వద్దనండి. పై గట్టి పొర పోతే లోపల మెత్తటి లోహమే మిగులుతుంది, ప్యాడ్ వంపు కూడా మారిపోతుంది. వేరే క్యామ్ అన్నారు, అది కొత్తదా, అరిగినదాన్ని గ్రైండింగ్ చేసినదా? గ్రైండింగ్ చేసినదైతే గట్టి పొర ఇంకా మిగిలి ఉందో లేదో గట్టిదనం కొలిచే మిషన్ ఉన్న షాపులో చూపించండి. ఎనిమిది లోబుల ఎత్తూ వెర్నియర్‌తో కొలిచి కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ కాగితం బండి పుస్తకాలతో పాటు దాచండి, తర్వాత చాలా పనికొస్తుంది.

మొదటి స్టార్టింగు రోజు మీరు దగ్గరుండండి. పొద్దున్నే, ఎండెక్కకముందే పెట్టుకోండి. లోబుల మీద, ప్యాడ్ల మీద ఇంజిన్ బిగించేటప్పుడు రాసే మాలిబ్డినం పేస్టు పూయించండి. ఆయిల్ పంపు ముందుగా నింపాలి. ప్లగ్గులు తీసి, ఇగ్నిషన్ కలవకుండా సెల్ఫ్ తిప్పి ఆయిల్ ప్రెషర్ చూపించాక మాత్రమే స్టార్ట్ చేయాలి. కార్బురేటర్‌లో పెట్రోలు, టైమింగు ముందే సరిచూసుకుంటే మొదటి చుట్లలోనే అందుకుంటుంది. అందుకోక పది నిమిషాలు సెల్ఫ్ కొడుతూ కూర్చుంటే ఆ పేస్టంతా తుడిచిపెట్టుకుపోతుంది. అందుకోగానే ఐడ్లింగులో వదలకుండా 2000-2500 ఆర్‌పీఎం మధ్య పెంచుతూ తగ్గిస్తూ ఇరవై నిమిషాలు ఉంచండి. ఈ పద్ధతి అసలు పుష్‌రాడ్ ఇంజిన్ల కోసం పుట్టింది. అక్కడ కింద ఉన్న క్యామ్‌కి క్రాంక్ ఎగజిమ్మే ఆయిలే దిక్కు, అది చాలినంత ఎగరాలంటే వేగం ఉండాలి. మీ ఇంజిన్‌లో క్యామ్ పైన ఉన్నా ఈ జాగ్రత్తతో నష్టమేమీ లేదు, లోబు, ప్యాడ్ ఒకదానికొకటి ఒద్దికగా అమరుతాయి. వేడి పెరుగుతుంటే ఆపి, చల్లారనిచ్చి మళ్లీ మొదలుపెట్టండి, నష్టం లేదు. గేర్ వెయ్యకుండా అంతకు మించి తిప్పుతూ కూర్చోవడం మంచిది కాదు, రింగులు కూర్చోవాలంటే లోడు పడాలి. ఇరవై నిమిషాలయ్యాక రోడ్డెక్కి, మూడో గేర్లో కాస్త తొక్కడం, వదలడం, మళ్లీ తొక్కడం చేయండి. ఆ రోజు పోసిన ఆయిల్, ఫిల్టర్ అదే సాయంత్రం మార్చేయండి. ఆ పాత ఫిల్టర్‌ని పారేయకుండా కోయించి మడతలు విప్పి చూడండి. సన్నటి బూడిదరంగు పొడి మామూలే. వేళ్ల మధ్య గుచ్చుకునే మెరుపు రేకులుంటే అప్పుడే కవర్ విప్పించాలి. డ్రైన్ బోల్టుకి చిన్న అయస్కాంతం పెట్టించుకుంటే ఇనుము రజను సంగతి ప్రతిసారీ కళ్లకి కనిపిస్తుంది, పెద్ద ఖర్చు కూడా కాదు.

ఆదివారాల బండి అన్నారు కాబట్టి ఆయిల్ మార్చడానికి కిలోమీటర్లు చూడకండి, క్యాలెండర్ చూడండి. తక్కువ దూరాలు తిరిగితే లోపల తేమ, కాలని పెట్రోలు ఆయిల్లో కలుస్తాయి, జింక్ మందు నిలవలోనే బలహీనపడుతుంది. రెండు వేల కిలోమీటర్లే తిరిగినా ఏడాదికోసారి మార్చాల్సిందే. తీసినప్పుడల్లా అరండల్‌పేట దాకా వెళ్లి వెనక్కి రాకుండా కనీసం అరగంట నడపండి, తేమ ఆవిరైపోతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం వరకు ఉంటోంది. పాత రబ్బరు పైపులు, కార్బురేటర్ డయాఫ్రం దానికి తట్టుకోవు. ఇంజిన్ బయట ఉన్నప్పుడే అవి కూడా మార్పించేయండి.

ఒక జాగ్రత్త. ఇంత ఆలోచించి ఎంచుకున్న ఆయిల్ నకిలీదైతే అంతా వృథా. డ్రమ్ములోంచి లూజుగా పోసే ఆయిల్ ఎంత తెలిసినవాళ్లు ఇచ్చినా తీసుకోకండి. కంపెనీ డీలర్ దగ్గర బిల్లుతో కొనండి. మూత కింద సీలు, డబ్బా మీద కోడు సరిచూడండి. ఖాళీ డబ్బాకి అక్కడికక్కడే కన్నం పెట్టించండి. లేదంటే అదే డబ్బా ఇంకేదో ఆయిల్‌తో నిండి వేరే ఎవరి చేతికో వెళుతుంది.

వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పైకవర్ తీయించి ట్యాపెట్ గ్యాప్ ఎనిమిదింటికీ ఫీలర్ గేజ్‌తో చూపించండి. బిగించిన రోజు కూడా చల్లగా ఉన్నప్పుడే కొలిపించి, ఆ అంకెలు లోబుల కాగితం మీదే రాయించుకుని ఉండండి. అన్నీ ఒకేలా కాస్త అటూఇటూ అయితే కంగారు పడొద్దు, సెట్టింగు చేస్తే చాలు. ఒకటి రెండు వాల్వుల గ్యాప్ మాత్రమే మిగతావాటికంటే బాగా పెరిగితే మాత్రం సెట్టింగు చేసి పంపేయనివ్వకండి. ఆ లోబు ఎత్తు మళ్లీ కొలిపించి, పాత రెండు లోబుల చోటే అయితే రాకర్ షాఫ్టు మళ్లీ విప్పించండి.